రెండు రంగుల కుర్చీలు

నేను చేసిన కుర్చీ ఫోటో మొదటిసారి చెన్నై పత్రికలో వచ్చినప్పుడు నాయన ఆ పేజీని మడిచి జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. క్యాంటీన్‌లో అందరికీ చూపించాడు. "వైరుతో అల్లిన కుర్చీకి ఇంత గొప్పేందప్పా, మా అవ్వ గూడా అల్లతాది" అన్నారట వాళ్ళు. నాయనకు కోపం రాలేదు. "మీ అవ్వ ఫోటో పేపర్లో వచ్చిందా?" అని అడిగి వచ్చేశాడు.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనొక్కదాన్నే. అక్క సోఫియా పదో తరగతితో ఆపేసి కంపెనీ బస్సెక్కింది. నేను చెన్నైలో డిజైన్ చదివాను. తోటివాళ్ళు టేకు గురించీ రోజ్‌వుడ్ గురించీ మాట్లాడుకుంటుంటే నేను వింటూ కూర్చునేదాన్ని. మా ఇంట్లో చెక్క అంటే తలుపొక్కటే. నాకు బాగా తెలిసినవి మా అమ్మ అలిమేలమ్మ అల్లే వైరు బుట్టలు. కాలనీలో మా గడప ముందు కాళ్ళు చాపుకుని, ఒడిలో ప్లాస్టిక్ వైరు చుట్ట పెట్టుకుని, అమ్మ ఎప్పుడూ ఏదో ఒక బుట్ట అల్లుతూనే ఉండేది. చిలకపచ్చతో ఎరుపు. పసుపుతో వంకాయ రంగు. నారింజతో తెలుపు. గులాబీతో నలుపు. ఒక బుట్టకు రెండే రంగులు, మూడోది ఉండదు. ఊళ్ళోవాళ్ళు వచ్చి కావలసినవి చెప్పి చేయించుకునేవాళ్ళు.

చివరి సంవత్సరం పరీక్షకు నేను ఆ జతలనే తీసుకున్నాను. ఇనుప కమ్మీతో చట్రం, సీటుకూ వీపుకూ వైరు అల్లిక, ఒక్కో కుర్చీకి రెండే రంగులు. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన కుర్చీల మధ్య తిరిగి తిరిగి, "ఈ జతలు ఎక్కడివమ్మా?" అని అడిగాడు. "మా ఊళ్ళో ఇంటింటికీ రంగుల మీద ప్రేమ సార్. ఎవరికి ఇష్టమైన జత వాళ్ళకుంది" అన్నాను. నిజమని నమ్మే అన్నాను. ఆయన నవ్వాడు, నాకు మంచి మార్కులు వేశాడు.

ఆ తరువాత తిరువళ్ళూరులో, తిరుత్తణి రోడ్డు మీద, ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. వెల్డింగు పని ఆనందరాజ్ అన్న చూసేవాడు. అతను వెంగల్ నుంచి వచ్చేవాడు. చట్రాల మీద రంగు పొడి చల్లి కాల్చి అంటించడానికి తిరుత్తణికి పంపేవాళ్ళం. కృత్తిక రోజుల్లో కొండ మీది గుడికి కావళ్ళు మోసే జనం మధ్య మా వ్యాను ఇరుక్కుపోయి, అందులోని రంగురంగుల చట్రాలను చూసి భక్తులు దండం పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. అల్లిక పని అమ్మా నేనూ చేసేవాళ్ళం. కుర్చీలతో మొదలుపెట్టి స్టూళ్ళు, అద్దానికి చట్రాలు, దీపాల గొడుగులు, గోడకు తగిలించే పళ్ళేలు అన్నీ చేశాం. అన్నీ ఆ జతల్లోనే. బెంగుళూరులో ఒక కాఫీ హోటలు నిండా మా స్టూళ్ళే వేశారు. నా పేరు చెబితే "ఆ రెండు రంగుల అమ్మాయా?" అనేవాళ్ళు.

మంచి రోజులు ఎక్కువ కాలం నడవలేదు. అల్లినట్టు కనిపించే ప్లాస్టిక్ కుర్చీలను అచ్చుపోసి దించే కంపెనీలు వచ్చాయి. మేము ఒకటి చేసే లోపల వాళ్ళవి లారీ నిండుతాయి. చెన్నై దుకాణం వాళ్ళు ముందు ఫోన్లు తగ్గించారు, తరువాత ఎత్తడం మానేశారు. తిరుత్తణిలో వంటింటి అలమరలు అమ్మే షోరూమ్‌వాళ్ళు నన్ను ఉద్యోగానికి రమ్మన్నారు. అక్కడ ఉండేవి రెండే రకాలు, టేకు రంగు లామినేటు, అంతకంటే కాస్త ముదురుది. చేరతానో లేదో చెప్పమని వాళ్ళు అడుగుతుండగానే రాజ్‌మోహన్ గారు వచ్చారు.

ఆయన ఒక పెద్ద కంపెనీలో స్కూళ్ళకు సాయం చేసే విభాగం చూస్తారు. మా ఊరి పంచాయతీ స్కూల్లో చిన్న తరగతులకు కుర్చీలు కావాలన్నారు. అవి బాగుంటే జిల్లాలో ఇంకా చాలా స్కూళ్ళకు చేయిస్తామన్నారు. ఊరి పేరు రాయను. తామరైపాక్కం, పాండూరు, వెంగల్ చుట్టుపక్కల ఉండే ఊళ్ళలాంటిదే అదీ. ఊరొక చోట, మావాళ్ళుండే కాలనీ ఒక చోట, మధ్యలో స్కూలు.

నేను ఆ స్కూల్లోనే నేల మీద కూర్చుని చదువుకున్నాను. షోరూమ్‌వాళ్ళకు రానని చెప్పేశాను. ఈ కుర్చీలు నిలబడితే నా పని నిలబడుతుంది, లేకపోతే షెడ్డు తాళం ఇచ్చేయాలి. ఆ సంగతి నాకూ తెలుసు, ఆనందరాజ్ అన్నకూ తెలుసు.

కుర్చీలు దించిన రోజు పిల్లలు వ్యాను చుట్టూ మూగారు. కాంచన టీచరు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని తానే రెండు కుర్చీలు మోసింది. మా అక్క కూతురు భవ్యశ్రీ అప్పుడు రెండో తరగతి. గులాబీ నలుపు కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుతూ, "చిన్నమ్మా, ఇది ఇంటికి ఎత్తుకపోవచ్చునా?" అని అడిగింది.

"వద్దుమా. ఇది స్కూలుది."

"రేపుకూడా ఉంటాదా?"

"ఎప్పుడూ ఉంటాది."

రాజ్‌మోహన్ గారు ఫోటోలు తీసుకున్నారు. నేను ఇంటికి వచ్చి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే.

కొన్ని వారాల తరువాత, కాళ్ళ కింద రబ్బరు బిరడాలు ఊడిపోయాయేమో చూద్దామని వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడి తరగతిలోకి చూశాను. మొదట ఏమీ తోచలేదు. ముగ్గులా చక్కగా ఉంది. కిటికీ పక్కన చిలకపచ్చ ఎరుపు కుర్చీలన్నీ ఒక వరస. వాటి వెనక పసుపు వంకాయ. గోడవారన నారింజ తెలుపు. అన్నింటికంటే వెనక, చెప్పులు విడిచే చోట, గులాబీ నలుపు. నేను దించేటప్పుడు కావాలని అన్ని రంగులూ కలిపి వేశాను. ఇలా సర్దింది ఎవరు? భవ్యశ్రీ వెనక వరసలో ఉంది. దాని ముందు కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది, పసుపు వంకాయ.

"ఇట్ట ముందుకొచ్చి కూచో బంగారూ, బోర్డు బాగా అగపడతాది" అన్నాను.

అది కదలలేదు. "అది మనది కాదు చిన్నమ్మా."

"మనది కాకపోవడమేంది? ఖాళీగానే ఉంది గదా."

"నడివీధోళ్ళది అది" అంది భవ్యశ్రీ, చిన్న గొంతుతో. పక్కనున్న పిల్లలు నా వైపు చూశారు. తెలియనిదాన్ని చూసినట్టు చూశారు.

కాంచన టీచరు నన్ను వరండాలోకి పిలిచింది. "నేనేమీ చెప్పలేదు షర్మిలా, దేవుడి తోడు. వాళ్ళే వచ్చి వాళ్ళే కూచున్నారు. మొదటి దినమే! ఒక్క పిల్ల తప్పు కుర్చీలో కూచోలేదంటే చూడు. ముందర ఎంత గలాటా, ఎవురి పక్కన ఎవురని ఇండ్లనుంచి వచ్చి అడిగేవాళ్ళు. ఇప్పుడు ఒక్క తగవు లేదు. క్లాసు నిమ్మళంగా ఉంది."

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆమె ముఖంలో నిజంగానే నిమ్మళం ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ నారింజ తెలుపు బుట్టకు పిడి బిగిస్తోంది.

"అది ఎవరిది?" అని అడిగాను.

"చెరువుగట్టోళ్ళది."

"ఆ రంగులు వాళ్ళే అడిగినారా?"

"అడగాల్నా? వాళ్ళకి ఎప్పుడూ ఇదే గదా."

"ఎందుకు?"

అమ్మ పిడి వదిలేసి నా వైపు చూసింది. "రేషను లైన్లో బుట్టలు పెట్టి నీడకి పోతారు. తిరిగొచ్చినాక ఎవురి బుట్ట ఎవురు తాకినారో అని రచ్చ. పెండ్లిలో, ఆడి నెలలో అమ్మవారి గుడి కాడ అంబలి పోసేటప్పుడు అంతే. అన్నం బుట్ట మారిపోతే చాలు, పారబోస్తారు. ముందర తాటాకు ఓలబుట్టలకి గుడ్డ ముక్క కట్టేవాళ్ళు. వైరు వచ్చినాక కలర్ పెట్టినాము. పైవీధికి పచ్చా ఎరుపూ, నడివీధికి పసుపూ వంకాయ, మనకి గులాబీ నలుపు. మా అమ్మ నాటిదే ఈ పంపకం."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినావా? కలర్లు బాగున్నాయి, ఇవే అల్లుమా అన్నావు. చదువుకున్న పిల్ల, తెలిసే అడగతా ఉందనుకున్నా. పట్నమోళ్ళకి ఇవన్నీ యాడ తెలస్తాయి, సుమ్మా, ఊరికే అందానికి కొంటారు అనుకున్నా." పిడి మళ్ళీ చేతిలోకి తీసుకుని, "తప్పా?" అంది.

తప్పు అని ఎవరితో అనాలి? నేను గోడకు తగిలించిన పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాను. బెంగుళూరులో కాఫీ తాగేవాళ్ళు, చెన్నై బాల్కనీల్లో కూర్చునేవాళ్ళు, పత్రికలో రాసినవాళ్ళు, అందరికీ నేను అమ్మింది ఇదే. ఒకరి అన్నం ఒకరు ముట్టుకోకుండా పెట్టుకున్న గుర్తు. ఇంటింటికీ రంగుల మీద ప్రేమ అని చెప్పి అమ్మాను.

మరుసటి వారం షణ్ముగం గారు షెడ్డుకు వచ్చారు. పైవీధిలో పెద్ద రైతు. మంచి మనిషే. నేను చదువుకుంటున్నప్పుడు నాయనను ఆపి, "పాప ఎట్ట చదువుతా ఉంది?" అని అడిగిన ఊరిపెద్ద ఆయనొక్కడే. కూర్చోమని దగ్గరలో ఉన్న కుర్చీ జరిపాను. అది నారింజ తెలుపు. ఆయన దాని వైపు చూసి, "పరవాలేదుమా, బస్సులో కూచోనే వచ్చినా" అని నిలబడే మాట్లాడారు.

"ఊరికి మంచి పేరు తెచ్చినావు షర్మిలా. మా కల్యాణ మండపానికి కుర్చీలు మార్చాల. నీ దగ్గరే చేయిద్దామని అందరమూ అనుకున్నాము. మా కలర్లోనే. పెద్ద సైజులో, చేతులు పెట్టి."

"అయ్యా, ఆ రంగులు వదిలేయండి. అన్ని రంగులూ కలిపి చేసిస్తాను. ఇంకా బాగుంటాయి."

ఆయన నవ్వారు. ఎగతాళి లేదు ఆ నవ్వులో. "అన్నీ కలిపినవి కావాలంటే ప్లాస్టిక్ కుర్చీలు బజార్లో లేవా? నీ దగ్గరికి ఎందుకు రావాల? మా కలర్ని ఇంత గౌరవంగా చేసింది నువ్వొక్కదానివేమా."

ఆయన వెళ్ళాక ఆనందరాజ్ అన్న వెల్డింగు కళ్ళద్దం పైకెత్తి నన్నే చూశాడు. "ఆ పని వొద్దన్నావా?"

"ఊ."

"సరి. నువ్వు సీటు అల్లొద్దులే, నన్ను గూడా కమ్మీ అతికించొద్దని చెప్పేయ్. ఇద్దరమూ గాలి అల్లుకుందాము."

రెండు రోజులకు ఏసు బావ వచ్చాడు, మా అక్క మొగుడు. షణ్ముగం గారి మాట కాలనీ వరకు వచ్చేసింది. బావ రావడంతోనే గులాబీ నలుపు కుర్చీని లాక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"మన కాలనీ సంగానికి గూడా కావాల. వాళ్ళు చేతులు పెట్టించుకుంటే మనకి చేతులూ, తలకి దిండూ పెట్టు. గులాబీ ఇంకా బాగా మండాల. దూరంనుంచే అగపడాల."

"బావా, ఆ రంగులు మనల్ని దూరం పెట్టడానికి పెట్టినవి. అమ్మనడుగు."

"తెలుసు. నాకు తెలియదనుకున్నావా? చిన్నప్పుడు లైన్లో మా అమ్మ బుట్టని కాలితో నెట్టినారు, కలర్ చూసే నెట్టినారు. అందుకే చెప్తావుండా. ఆ కలర్నే కల్యాణ మండపం మాదిరి చేసి నడిబజార్లో పెట్టాల. నెట్టమను ఇప్పుడు."

"దాని కంటే అందరికీ ఒకటే చేస్తే?"

"ఒకటే అంటే ఎవురిది? ఎప్పుడైనా అందరిదీ అన్నది మన చేతికొచ్చిందా? స్కూల్లో బెంచీలు అందరివీనే. నువ్వు యాడ కూచున్నావు? నేల మీద." బావ లేచాడు. "పట్నంలో వాళ్ళకి నవ్వుతా అమ్మినావు. మనోళ్ళు అడిగితే నీకు న్యాయం గుర్తుకొచ్చిందా?"

బావ వెళ్ళాక ఆ గులాబీ నలుపు కుర్చీని ఎత్తి షెడ్డు మూలకు పెట్టాను.

అయినా నాకు తోచింది ఒకటే పని. క్వార్టర్లీ సెలవుల్లో స్కూలు కుర్చీలన్నీ షెడ్డుకు తెప్పించాను. వైరు మొత్తం కోసేసి, ప్రతి కుర్చీనీ అన్ని రంగులతో మళ్ళీ అల్లాను. అమ్మ సాయం పట్టింది. ఏ కుర్చీ చూసినా ఏ వీధిదో చెప్పలేరు. నాకు చేతనైన వాటిలో ఇవే అందమైనవని కూడా అనిపించింది. రంగును రంగుగా చూడటం అప్పుడే మొదలైందనుకున్నాను.

స్కూలు తెరిచిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. పిల్లలు లోపలికి వచ్చారు. ఒక్కొక్క కుర్చీ దగ్గరికీ వెళ్ళి చూశారు, వీపు వైపు తిప్పి చూశారు. ఎవరూ కూర్చోలేదు. చివరికి పైవీధి అబ్బాయి ఒకడు కిటికీ పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాడు కూర్చోగానే వాళ్ళ వీధి పిల్లలు పరుగెత్తి, దగ్గరున్నవన్నీ లాక్కున్నారు. నడివీధి వాళ్ళు, చెరువుగట్టు వాళ్ళు తక్కినవి పట్టుకున్నారు. కొంతమంది ఇద్దరి కోసం రెండేసి పట్టుకున్నారు. తోపులాట అయింది, టీచరు కేకలేసింది. అంతా సద్దుమణిగాక చూస్తే, కాలనీ పిల్లలు వెనక చెప్పుల దగ్గర నేల మీద కూర్చున్నారు. కొన్ని కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వాటి మీద ముందు వరసల వాళ్ళు సంచులు పెట్టుకున్నారు.

"ఆ సంచులు తీయండి" అని టీచరు అంది. తీశారు. కాలనీ పిల్లలు లేవలేదు.

భవ్యశ్రీ నా దగ్గరికి వచ్చింది. ఏడుపు ఆపుకుంటూ ఉంది. "నా కుర్చీ యాడ చిన్నమ్మా?"

"అవన్నీ నీవేమా. నీకు నచ్చింది తీసుకో."

"కాదు. నాది. వాళ్ళు కూచోరు దాంట్లో. ఎవురూ లెయ్యమనరు. అది యాడ?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆ కుర్చీలో దానికి ఒక్క సంగతే నచ్చింది. ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఎవరూ లాక్కోరు. భవ్యశ్రీ పుట్టిన తరువాత దాన్ని ఎవరూ లెమ్మనని చోటు అదొక్కటే. నేను ఆ వైరు నా కత్తెరతోనే కోసేశాను.

ఆ సాయంత్రం రాజ్‌మోహన్ గారు ఫోన్ చేశారు. ఆయన గొంతులో ఉత్సాహం. "మేడమ్, మొదటి డిజైనే అందరికీ నచ్చింది. వేరే ఊళ్ళ హెడ్మాస్టర్లు కూడా సెలవులకు ముందే చూసి వెళ్ళారు. క్లాసులో క్రమశిక్షణ వచ్చిందంటున్నారు. వాళ్ళ ఊళ్ళకు తగ్గట్టు ఏ రంగులు, ఎవరికి ఎన్ని, వాళ్ళే చెప్పేస్తారట. మీకు ఆలోచించే పని కూడా లేదు."

"సార్, ఎందుకు కావాలంటున్నారో అడిగారా?"

"పిల్లలకు రంగులంటే ఇష్టం కదండీ" అన్నారాయన. ఆయన చెన్నైలో పుట్టి పెరిగిన మనిషి. నేను కూడా ఒకప్పుడు ఈ మాటే చెప్పాను, దాదాపు ఇదే గొంతుతో.

చేయనని చెప్పాను. కారణం అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను, సగంలో ఆయన "అలాంటివన్నీ ఇప్పుడెక్కడున్నాయి మేడమ్" అన్నారు. మా షెడ్డులో కాకపోతే ఇంకొక షెడ్డులో చేస్తారు. చేసేది నేను కాను, అంతే. అంతకు మించి దానివల్ల ఏ పిల్లకూ ఒరిగిందేమీ లేదు.

షెడ్డు ఖాళీ చేయడానికి ఒప్పుకున్నాను. ఆనందరాజ్ అన్నకు ఒక గేట్లు చేసే చోట పని దొరికింది. "అక్కడ గేట్లన్నీ నలుపేమా" అని చెప్పి వెళ్ళాడు. షోరూమ్‌వాళ్ళకు ఫోన్ చేస్తే, సోమవారం నుంచి రమ్మన్నారు.

శనివారం అక్క భవ్యశ్రీని తీసుకుని షెడ్డుకు వచ్చింది. "నాలుగు దినాలుగా స్కూలుకి పోనంటావుంది. నీ కుర్చీ కోసమే. ఏమన్నా చెయ్" అంది. అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక చిన్న చట్రం మిగిలి ఉంది. దాన్ని మధ్యలో పెట్టి, గోడకు వరసగా వేలాడుతున్న వైరు చుట్టలన్నీ భవ్యశ్రీకి చూపించాను. కొత్తగా తెప్పించిన నెమలికంఠం రంగు ఉంది, లేత నీలం ఉంది, బంగారు పోగు కలిసినది ఉంది. మా ఊళ్ళో ఏ వీధికీ చెందనివి కూడా ఉన్నాయి.

"నీకు ఏది కావాలంటే అది. ఎన్ని కావాలంటే అన్ని. ఎవురిదీ కానిది తీసుకో, కొత్తది. నీ కోసమే అల్లతాను."

అది గోడ వెంబడి మెల్లగా నడిచింది. నెమలికంఠం దగ్గర ఆగింది. వేలితో ముట్టుకుంది.

"ఇది బాగుంది" అంది.

"సరి, అదే చేద్దాం."

"వద్దు. దీంట్లో కూచుంటే లెయ్యమంటారు." ముందుకు నడిచి, గులాబీ చుట్టనూ నల్ల చుట్టనూ రెండు చేతులతో దించుకుని వచ్చి నా ఒళ్ళో పెట్టింది. "గెట్టిగా అల్లు చిన్నమ్మా."

నేను వైరు తీసి, చట్రానికి మొదటి ముడి వేశాను.